ఎడమచేతి అతుకు

ఆ పిట్ట గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది. మొదట నా మీద, ఆ తర్వాత మా ఆయన మీద. పిట్ట ఏం చేసింది పాపం, వచ్చింది, ఆకు కుట్టుకుంది, పోయింది.

మాది కడప జిల్లాలో ఒక మగ్గాల ఊరు. ఎర్రగుంట్లకు బస్సెక్కితే ముప్పావు గంట. ఒకప్పుడు మధ్యాహ్నం పూట మా వీధిలో నడిస్తే ఇంటింటా మగ్గం చప్పుడు వినబడేది. ఇప్పుడు మూడిళ్ళలో వినబడుతుంది, అందులో మాది ఒకటి. మా ఆయన గుంత మగ్గం మీద నూలు చీరలు నేస్తాడు. నేను నేయను. నూలు తోడతాను, కండెలు చుడతాను, పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పెడతాను, పడుగు అతుకుతాను. ఇంత చేసినా నన్ను నేతగత్తె అన్నవాళ్ళు లేరు. ఎవరైనా అడిగితే, ఆమె ఇంట్లోనే ఉంటుంది అని చెబుతారు.

అతకడం అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఒక పడుగు నేయడం అయిపోయాక దాని కొసలను దువ్వెనలాంటి మగ్గం అచ్చులో అట్లాగే వదిలి, ఆ అచ్చును విప్పి పక్కన పెడతారు, ఈలోగా మగ్గంలో ఇంకో అచ్చు ఆడుతుంటుంది. కొత్త పడుగు కొసలు తెచ్చి ఆ పాత కొసలకు ఒక్కొక్క పోగే కలపాలి. ముడి వేయకూడదు, ముడి అచ్చులో దూరదు. రెండు పోగులూ పక్కపక్కన పెట్టి, వేళ్ళకు బూడిద రాసుకొని, చిటికెలో పురి తిప్పి, దాని మీద కాస్త గంజి తడి అద్దాలి. గంజి ఆరితే అతుకు బిగుస్తుంది. ఒక పడుగులో వేల పోగులుంటాయి. అన్నీ సరిగ్గా ఉంటే అతుకు అనేది ఒకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు. ఒక్కటి తెగిందంటే మాత్రం ఇంటిల్లిపాదికీ నేను గుర్తొస్తాను.

ఒకసారి పట్నం నుంచి ఎవరో పిల్లలు వచ్చి మా ఆయన నేస్తుంటే సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకున్నారు. నేను పక్కన కూర్చొని అతుకుతున్నాను. అక్కా, కొంచెం పక్కకు జరుగుతారా, అడ్డం వస్తున్నారు అన్నారు మర్యాదగానే. జరిగాను. ఆ మర్యాదకు కడుపు మండింది.

నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. పెళ్ళై వచ్చిన కొత్తలో మా అత్త అది చూసి గుండెలు బాదుకుంది. ఎడమచేత్తో అతికిన పడుగుతో నేసిన చీర కట్టుకున్నవాళ్ళకు అచ్చిరాదట. మా చీరలు పెళ్ళిళ్ళకు పోతాయి, గుళ్ళలో అమ్మవార్లకు పోతాయి, ఎవరికైనా ఏమైనా అయితే పాపం మాకు చుట్టుకుంటుందట. నా ఎడమచేతి వేళ్ళ మీద కండె పుల్లతో కొట్టి మరీ కుడిచేతికి మార్పించింది. నేర్చుకున్నాను. కానీ కుడిచేత్తో అతికితే నా వేళ్ళు నా మాట వినవు. పురి వదులుగా పడేది, పోగులు తెగేవి. తెగిన ప్రతిసారీ ఆమె మగ్గం పక్కన నిలబడి వీధిలో వాళ్ళందరికీ వినిపించేలా కేకలు వేసేది. ఒక రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపల ఐదు పోగులు తెగాయి. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. మా ఆయన తలొంచుకొని తిని, చెయ్యి కడుక్కొని, మళ్ళీ మగ్గంలోకి దిగాడు.

అప్పుడే నేనొక దొంగదారి వెతుక్కున్నాను. అత్త ఎదురుగా ఉంటే కుడిచెయ్యి. ఆమె పక్కింటికి పోయినా, మధ్యాహ్నం కునుకు తీసినా, అచ్చుతో సహా అతికే సామానంతా పెరట్లోకి తెచ్చుకొని ఎడమచెయ్యి. ఈ సంగతి ఎవరికీ తెలియదనే నా నమ్మకం. అత్త పోయి పదేళ్ళైనా అలవాటు పోలేదు. ఇంట్లో కుడిచెయ్యి, పెరట్లో ఎడమచెయ్యి.

పెరట్లో అంజూర చెట్టు కింద కూర్చునేదాన్ని. ఆ చెట్టు నేను నాటిందే. పడుగుకు పెట్టగా మిగిలిన గంజి, కుండ కడిగిన నీళ్ళు, అన్నీ దాని మొదట్లోనే పోశాను. మా ఊళ్ళో ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకొని కొట్లాడుకుంటారు. అట్లాంటి చోట ఇంత పచ్చగా ఒక చెట్టు ఉందంటే అది నా గంజి తాగి బతికిందే. చిన్నపిల్లల పలకంత ఆకులు. ఇల్లు మా ఆయనది, మగ్గం ఆయనది, ఆ చెట్టు కింద నాలుగు అడుగుల నీడ నాది.

పిట్ట కిందటేడు మొదటిసారి వచ్చింది. పుస్తకాల్లో దాన్ని దర్జీపిట్ట అంటారని తర్వాత మా కొడుకు ఫోనులో చూసి చెప్పాడు. బొటనవేలంత ఉంటుంది, వీపు పచ్చ, నెత్తి ఇటుక రంగు, తోక ఎప్పుడూ నిటారుగా ఎత్తి పెట్టుకుంటుంది. గొంతు మాత్రం అబ్బో, ఆ చిన్న ఒంట్లోంచి అంత కూత ఎట్లా వస్తుందో. చివీట్ చివీట్ అని మొదలుపెడితే మగ్గం చప్పుడు కూడా దాని ముందు తక్కువే. అంత గొంతున్నది మనిషి కంట పడాలంటే మాత్రం సిగ్గు. నా నీడ కదిలితే చాలు, ఆకు చాటుకు పోయేది. దాన్ని నిండుగా చూడటానికి నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. చేతులు ఆడిస్తూ తల కదపకుండా కూర్చోవడం నేర్చుకున్నాను. నా పనికి అది కొత్తేమీ కాదు.

అది చేసే పని చూశాక నేను నా పని మానేశాను. ఒక పెద్ద ఆకును దొప్పలాగా మడిచి, అంచుల్లో ముక్కుతో చిల్లులు పొడిచి, వాటిలోంచి పోగులు లాగి కుట్టింది. ఆ పోగులు మావే. నేను అతికేటప్పుడు తెంపి పడేసిన నూలు కొసలు. ఆడపిట్ట కుడుతుంటే మగపిట్ట కొమ్మ చివర కూర్చొని గొంతు చించుకునేది. ఊరంతా దాని పాటే వింటుంది, దీని కుట్టు ఎవరు చూస్తారు? నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు పోయింది. మర్నాటి నుంచి తెల్ల పోగులు కొన్ని బట్టలారేసే తీగ మీద కావాలనే వదలడం మొదలుపెట్టాను. గుడ్డు పెట్టిన రోజు నుంచి పిల్లలు ఎగిరే రోజు దాకా వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై ఆరు రోజులు.

ఈ ఏడు వైశాఖంలో అది మళ్ళీ వచ్చింది. అదే వైశాఖంలో మా కొడుకు కూడా ఒక మాట తెచ్చాడు. వాడు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర లారీ తోలుతాడు. ఇంటికొచ్చి స్నానం చేస్తే బండమీద బూడిద రంగు నీళ్ళు పోతాయి, అయినా దగ్గు పోదు. ఇక లారీ మానేస్తాను, పెరట్లో రేకుల షెడ్డు వేసి కరెంటు మగ్గాలు పెడతాను అన్నాడు. వాడి మాట న్యాయమే. నేను కాదనలేదు. కానీ షెడ్డుకు చెట్టు అడ్డం. జ్యేష్ఠం మొదటి పక్షంలో పునాదికి ముగ్గు పోయాలి, అంతకు ముందే చెట్టు కొట్టేయాలి. జ్యేష్ఠం దాటితే ఆషాఢం, శుభకార్యాలకు పనికిరాదు. మళ్ళీ శ్రావణం దాకా ఆగాలి.

జ్యేష్ఠం వచ్చిన మూడు రోజులకు గూట్లో నాలుగు గుడ్లున్నాయి. నేను లెక్క వేసుకున్నాను. ఇరవై ఆరు రోజులు ఆపగలిగితే జ్యేష్ఠం అయిపోతుంది. ఆషాఢం చెట్టును కాపాడుతుంది. ఆ నెల రోజుల్లో షెడ్డును అటు గోడవైపు జరిపేలా వాడికి ఎట్లాగో నచ్చజెప్పుకుంటాను. అంతవరకూ నన్ను ఆదుకోవలసింది ఆ పిట్టే. చెప్పొద్దూ, మొదట నాకు పిట్ట మీద ప్రేమ కంటే చెట్టు మీద ఆశే ఎక్కువ.

అన్నం తినేటప్పుడు కొడుకుతో ఒక్కటే మాట అన్నాను. "నూలు పట్టి కుట్టుకున్న దాని గూడు కొట్టి, ఆ చోటే మగ్గం పెడతావా నాయనా?"

వాడు ముద్ద చేతిలో పట్టుకొని వాళ్ళ నాన్న వైపు చూశాడు. మా ఆయన తలొంచుకొని తింటున్నాడు, ఎప్పటిలాగే. వాడు ముద్ద కంచంలో పెట్టి, సరే, పిల్లలు ఎగిరిపోనీ, అప్పటికి మంచి దినాలు దాటిపోతే శ్రావణంలోనే చూద్దాం అన్నాడు. ఆ ఇంట్లో నా మాట మీద ఒక పని ఆగడం అదే మొదలు. ఆ రోజు గిన్నెలు తోముతూ నాలో నేనే నవ్వుకున్నాను. పిట్టకు సిగ్గెక్కువ, మనిషి నీడ పడితే గుడ్లు వదిలేసి పోతుంది, మీరెవరూ చెట్టు దగ్గరికి రావద్దు అని ఇద్దరికీ గట్టిగా చెప్పాను.

ఎవరూ రాలేదు. వెళ్ళింది నేనే.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. వాన కంటే గాలే ఎక్కువ, మా వైపు ఎప్పుడూ అంతే. తెల్లారి చూస్తే గూడు ఆకు ఒక పక్క విచ్చుకొని ఉంది. మూడు కుట్లు తెగాయి. లోపల గుడ్లు కనబడుతున్నాయి, చింతగింజ కంటే కాస్త పెద్దవి, ఎర్రటి చుక్కలతో. ఇంకొక గాలి విసిరితే నాలుగూ నేలమీదే. పిట్ట మేతకు పోయింది. నేను అతకడానికి కూర్చొని ఉన్నాను. ఎడమ పక్కన బూడిద, కుడి పక్కన గంజి గిన్నె.

తెగిన పోగు కళ్ళ ముందు వేలాడుతుంటే ఊరుకోవడం నా చేతులకు తెలియదు. ఇది సాకు చెప్పడం అనుకుంటే అనుకోండి. లేచాను. తెగిన కొసలకు కొత్త పోగు కలిపి, వేళ్ళకు బూడిద రాసుకొని, ఎడమచేత్తో పురి తిప్పాను. మూడు కుట్లూ. ఆకు చిరగకుండా, గుడ్లు కదలకుండా. పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళలో అంత బాగా ఎప్పుడూ అతకలేదు. చివరికి అలవాటు ప్రకారం గంజిలో వేలు ముంచి మూడు చోట్లా తడి అద్దాను.

పిట్ట తిరిగొచ్చి నన్ను చూసి నానా తిట్లు తిట్టింది. నేను ఇంట్లోకి పోయి కిటికీలోంచి చూశాను. చాలాసేపు అటూ ఇటూ ఎగిరి, తోక ఆడించి, చివరికి గూట్లోకి దూరి కూర్చుంది. నేను ఆ సంతోషం పట్టలేకపోయాను. ఇరవై ఏళ్ళ పిల్లలాగా కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడ్డాను. నా అతుకును అది ఒప్పుకుంది అనుకున్నాను, నా మొహం.

మా ఇళ్ళల్లో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ మొదట నేర్పే సంగతి ఒకటుంది. గంజి గిన్నె ఎక్కడ పెట్టినా చుట్టూ పసుపు గీత గీయాలి. లేకపోతే చీమలు పడతాయి. గంజి పెట్టిన పడుగును కూడా ఆరేదాకా నేలకు తగలనివ్వం. ఏడేళ్ళ వయసులో నేర్చుకున్నాను, ఒక్క రోజు మరిచిపోలేదు. ఆ రోజు కూడా గిన్నె చుట్టూ గీత ఉంది. చెట్టు చుట్టూ లేదు.

మర్నాడు పొద్దున పెరట్లోకి పోతే చెట్టు మొదలు నుంచి గూటి దాకా ఎర్రచీమల బారు. నేను అద్దిన మూడు చోట్లా దట్టంగా ముసిరి, అక్కడి నుంచి లోపలికి దిగుతున్నాయి. పిట్ట రెండు కొమ్మల అవతల కూర్చొని కూసింది. మగది కూడా వచ్చింది. రెండూ గూటి దగ్గరికి వస్తాయి, మళ్ళీ ఎగిరిపోతాయి. నేను చీర కొంగుతో చీమల్ని దులిపాను, పసుపు తెచ్చి చెట్టు చుట్టూ పోశాను. అప్పటికే గుడ్లకు చిల్లులు పడ్డాయి. ఆ మధ్యాహ్నం దాకా అవి కూస్తూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున ఒకసారి వినబడింది. ఆ తర్వాత లేదు.

ఏడుపు రాలేదు నాకు. భయం వచ్చింది. జ్యేష్ఠంలో ఇంకా పన్నెండు రోజులున్నాయి. బహుళంలో కూడా ముగ్గుకు ఒక మంచి దినం ఉందని అయ్యవారు చెప్పి ఉన్నాడు. గుడ్లు పోయాయని తెలిస్తే ఇంక ఆగడానికి కారణం లేదు.

అందుకని అబద్ధం చెప్పాను. పొదుగుతోంది అన్నాను. తర్వాత పిల్లలు లేచాయి, నాలుగు అన్నాను. మా కొడుకు సంబరపడ్డాడు, ఒక ఫోటో తియ్యమ్మా చూద్దాం అన్నాడు. అదసలే బెదురుపిట్ట, ఫోను చూస్తే పోతుంది అన్నాను. పురుగులు తెచ్చి పెడుతోంది అన్నాను. ఒకదానికి రెక్కలు వస్తున్నాయి అన్నాను. చచ్చిన గుడ్ల మీద అన్ని కబుర్లు చెప్పాను. ప్రతి ఉదయం చెట్టు కింద కూర్చొని, తల కదపకుండా, ఖాళీ గూటిని చూస్తున్నట్టు నటించాను. ఇంకా నాలుగు రోజులు గడిస్తే ఆషాఢం.

ఆ రోజు మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఆగింది. మా ఆయన పెరట్లోకి వచ్చాడు. చెట్టు దగ్గరికి రావద్దని చెప్పానా లేదా అన్నాను. వినిపించుకోలేదు.

"పిట్ట అరిసి ఎనిమిది దినాలాయ," అన్నాడు.

కిటికీ పక్కన మగ్గంలో కూర్చొని ఆయన రోజూ ఆ కూత వింటున్నాడని నాకు తట్టనే లేదు. ఆయన గూడు ఆకును రెండు వేళ్ళతో మెల్లగా తిప్పి చూశాడు. లోపలికి చూశాడు. తర్వాత కుట్ల మీద గోరు పెట్టి రాశాడు, నేత ఐన బట్టను తడిమి చూసినట్టు.

"ఈ మూడూ నువ్వు ఏసినవే కదా?"

పిట్ట కుట్టిందే అన్నాను.

"పిట్ట గంజి అద్దుతాదా? ఇది ఎడమ పురి. నీదే."

నేను అతికేది కుడిచేత్తో కదా అన్నాను. ఎందుకన్నానో. అత్త పోయిన పదేళ్ళకు, ఖాళీ పెరట్లో, యాభై ఎనిమిదేళ్ళ ముసలిదాన్ని, దొంగతనం బయటపడిన పిల్లలాగా.

"మాయమ్మ ముందర కుడిచేత్తో. ఈడ చెట్టు కింద ఎడమచేత్తో," అన్నాడు. "అన్నీ నా అచ్చులోంచి పోయినేవే కదా, నాకు తెల్దా? తెగేదంతా కుడిచేతిదే. ఎడమచేతిది ఇంతవరకూ ఒక్కటీ తెగల్యా."

చెట్టు సంగతి మరిచిపోయాను ఒక్క క్షణం. ఐదు పోగులు తెగిన ఆ పూట గుర్తొచ్చింది. తలొంచుకొని అన్నం తింటున్న ఆయన గుర్తొచ్చాడు. అప్పుడు కూడా తెలుసన్నమాట.

"మరి మీయమ్మకు యాల చెప్పల్యా?"

ఆయన ఆకును వదిలేశాడు. అది కాసేపు ఊగింది.

"యాల ఇంట్లో గలాటా అని," అన్నాడు. లోపలికి పోబోతూ ఆగి, "పిల్లోనికి చెప్పాల. ఎల్లుండి మంచి దినం ఉండాది, పోగొట్టుకుంటే ఎట్ల," అన్నాడు.

అంతసేపు ఆయన నాతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. జీవితంలో నాకు చెప్పవలసిన ఒక్క మాట ఆయన ఆ రోజు చెప్పాడు, నా చెట్టు కొట్టించడానికి రుజువుగా.

కొడుకు నన్నేమీ అనలేదు. నిజం చెప్పి ఉంటే సరిపోయేది కదమ్మా అన్నాడు, అంతే. మర్నాడు ఇద్దరు కూలీలు వచ్చి పన్నెండు లోపల చెట్టు కొట్టేశారు. గూడు కొమ్మ కూడా కంపలో కలిసిపోయింది. ఆ ఆకు తీసి దాచుకుందామా అని ఒకసారి అనిపించింది, మానుకున్నాను. మూడో రోజు ముగ్గు పోశారు, టెంకాయ కొట్టారు, నేను హారతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డాను.

ఇప్పుడు షెడ్డులో నాలుగు కరెంటు మగ్గాలు ఆడుతున్నాయి. వాడి దగ్గు తగ్గింది, అది చాలు. ఆ మగ్గాలకు కూడా పడుగు అతకాలి, ఆ పని నాదే. చెట్టు ఉన్న చోటే పీట వేసుకొని కూర్చుంటాను. ఎడమచేత్తోనే అతుకుతాను, అందరి ముందర. పిట్ట ఈ ఏడు కాదు కదా, ఆ చప్పుడుకు ఇంక ఎప్పటికీ రాదు.

మా ఆయన గోడకు అవతల గుంత మగ్గంలో కూర్చొని ఇంకా నేస్తూనే ఉన్నాడు. ఒక్క పోగూ తెగడం లేదు. అది ఆయనకూ తెలుసు, ఏమీ అనడు.